లేని పలక మీద అంకె

పోయిన వారం అంకెలక్కని మేడమెట్ల మీద నిలబెట్టి వదిలేశాం. పాపం, వారం రోజులుగా కాళ్ళు పీకుతూ ఉంటాయి. ముందు ఆమెను పైకి తీసుకెళ్దాం. ఎక్కుతూ ఎక్కుతూ, మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం జరిగిన కథ నాలుగు మాటల్లో చెప్పుకుందాం.

వంతెన పక్కనున్న నీటిమట్టం స్టేషన్‌లో గంటగంటకీ నది ఎంత ఎత్తున ఉందో చూసి రిజిస్టర్‌లో రాయడం ఆమె ఉద్యోగం. పదహారేళ్ళుగా అదే పని. అడిగినవాళ్ళకల్లా ఆ రోజు అంకె చెప్పేది కాబట్టి ఊరంతా ఆమెను అంకెలక్క అంటుంది. రెండేళ్ళ కిందట పైనుంచి ఒక ఉత్తర్వు ఊడిపడింది. ఈ నది పొరుగు దేశంలోంచి వస్తోంది కనుక దీని నీటిమట్టం దేశభద్రతకు సంబంధించిన రహస్యమట, బయటివాళ్ళకు చెబితే నేరమట. ప్రమాదం వస్తే మోగించే సైరన్ మీటకు కూడా లక్కసీలు వేసి, అనుమతి లేనిదే ముట్టుకోవద్దన్నారు. పోయిన మంగళవారం మధ్యాహ్నం మూడింటికి నది ఎనిమిది మీటర్ల ప్రమాద గీత దాటింది. స్టేషన్ సూపర్‌వైజర్ అనుమతి కోసం ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. అంకెలక్క ఉండబట్టలేక, పల్లం కాలనీలో బట్టలు కుట్టుకుని బతికే చెల్లెలికి ఫోన్ చేసి చెప్పేసింది. చెల్లెలు తన వరసలో తలుపులన్నీ బాది ముప్పై కుటుంబాలను వంతెన మీదికి తోలింది. వెనక వరసవాళ్ళు మాత్రం, సైరన్ మోగలేదు కదా అని ఇళ్ళలోనే ఉండిపోయారు. అయిదు కాకుండానే నది కాలనీలోకి వచ్చింది. పద్నాలుగు మంది పోయారు. సైరన్ మోగించడానికి అనుమతి మర్నాడు ఉదయం పదింటికి వచ్చింది, మూడు ప్రతుల్లో.

ఇవాళ శనివారం. రహస్యం బయటపెట్టినందుకు సంజాయిషీ చెప్పుకోమని అంకెలక్కకి పిలుపు. చెల్లెలు కింద గేటు దగ్గర ఆగిపోయింది. అక్క మెట్లెక్కి తలుపు తోసింది.

ఆ గది ఆమెకు కొత్త కాదు. రోజూ రిజిస్టర్ రాసేది అందులోనే. పెద్ద కిటికీలోంచి వంతెన, దాని మూడో స్తంభం మీద కొలత పలకలు కనిపిస్తాయి. గోడకి సైరన్ మీట, దాని మీద ఎర్రటి లక్కసీలు. వరదకు కింది గదిలో బల్లలు తిరగబడ్డాయి, బీరువాలు ఉబ్బిపోయాయి, గోడల మీద మనిషెత్తున మట్టిచార పడింది. పై గదిలో సీలుకి మాత్రం గోరంత పెచ్చు కూడా ఊడలేదు. దాన్ని చూడగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆమె కుర్చీలో రాజధాని నుంచి వచ్చిన భద్రతాధికారి కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో మడమ దాకా బురద లేని మనిషి లేడు. ఇతని చొక్కా చేతుల మడతలు మాత్రం అప్పుడే ఇస్త్రీపెట్టె కిందనుంచి తీసినట్టున్నాయి. ఆమె మనసులోనే అతనికి ఇస్త్రీమడత అని పేరు పెట్టేసింది. పక్కన కిటికీని ఆనుకుని సూపర్‌వైజర్ నిలబడ్డాడు. అంకెలక్కకి ఈ పని నేర్పింది ఆయనే. పైకి రాకముందు ఆయనా ఇదే స్తంభం చూసి ఇదే రిజిస్టర్ రాసినవాడు. అందుకే అందరూ సార్ అంటే ఆమె మాస్టారూ అంటుంది. ఇవాళ ఆమె లోపలికి వస్తుంటే ఆయన తలెత్తలేదు.

"కూర్చోండమ్మా," అన్నాడు ఇస్త్రీమడత.

"ఫర్లేదండీ. నిలబడి చేసే ఉద్యోగమే కదా నాది."

అతను నవ్వాడు. మర్యాదగానే నవ్వాడు, అదీ ఆమెకు నచ్చలేదు. బల్ల మీదనుంచి ఒక కాగితం ఆమె వైపు జరిపాడు.

"చదువుకోండి. తొందరేం లేదు."

ఆమె చదివింది. మంగళవారం మూడు గంటలకు నీటిమట్టం ఏడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు మాత్రమే ఉండగా, దిగువ సంతకం చేసిన నేను పొరపాటున ఎక్కువగా చదివి, భయానికి లోనై, నా సోదరికి తప్పుడు సమాచారం అందించి, ప్రజలలో అనవసర ఆందోళనకు కారకురాలినయ్యాను. ఇందుకు విచారిస్తున్నాను.

ఆమె రెండోసారి చదివింది. మూడోసారి 'అనవసర ఆందోళన' దగ్గర ఆగిపోయింది.

"అనవసరమా?" అంది. "పద్నాలుగు శవాలు లేచాయి సార్ ఆ కాలనీలోంచి. వాటిలో ఆరింటిని నేనూ మా చెల్లెలూ పట్టి మోశాం. ఏది అనవసరం?"

"ఆవేశపడకండి. మీకు మేలు చెయ్యాలనే ఇది రాయించాను." అతను కుర్చీలో ముందుకు వంగాడు. "చూడండి. మీరు చెప్పిన అంకె నిజమైతే, మీరు రహస్యం బయటపెట్టినట్టు. ఏడేళ్ళ జైలు. విన్న మీ చెల్లెలిదీ నేరమే, నలుగురికీ చెప్పింది కాబట్టి ఇంకా పెద్ద నేరం. అదే, మీరు చెప్పిన అంకె తప్పైతే అది రహస్యమే కాదు. తప్పుడు అంకెకి రహస్యం ఏముంటుంది? రెండు నెలలు పనిలోంచి పక్కన పెడతారు, మళ్ళీ వచ్చి చేరతారు. మీ చెల్లెలి జోలికి ఎవరూ రారు. ఒక్క సంతకం."

అంకెలక్క కిటికీలోంచి కిందికి చూసింది. గేటు దగ్గర చెల్లెలు గోడకి చేరబడి కూర్చుంది. కుట్టుమిషన్ ఇంకా బురదలోనే ఉంది, దాన్ని బయటికి లాగుతూ లాగుతూ చీలిపోయిన గోళ్ళను చూసుకుంటోంది. ఏడేళ్ళు. ఆ పిల్లకి ఇంకా ముప్పై నిండలేదు. తలుపులు బాదినందుకు జైలు!

"ఒక్క మాట అడుగుతాను, చెప్పండి," అంది. గొంతు ఇంకా అదుపులోనే ఉంది. "నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో ఎవరికి తెలియకూడదని ఈ రహస్యం?"

"అది ఉత్తర్వులోనే ఉంది. శత్రువుకి."

"శత్రువంటే నదికి అవతలి దేశమే కదా?"

"నేను ఏ దేశం పేరూ చెప్పలేదు."

"మీరు చెప్పక్కర్లేదులెండి, చిన్నపిల్లలకి కూడా తెలుసు. సార్, ఆ నది వాళ్ళ దగ్గర్నుంచే వస్తుంది. వాళ్ళ ఆనకట్ట గేట్లు ఎత్తితేనే మనకి వరద. ఎన్ని గేట్లు ఎత్తారో, ఎంత నీళ్ళు వదిలారో, అవి ఎన్నింటికి మన వంతెన దగ్గరికి వస్తాయో వాళ్ళకి మనకంటే ముందే తెలుసు. వాళ్ళు పంపించిన నీళ్ళ లెక్క వాళ్ళకి తెలియకుండా దాస్తున్నామా మనం?" ఆమె గొంతు అదుపు తప్పింది. "మొత్తం నది ఒడ్డున ఆ అంకె తెలియనిది ఎవరికో చెప్పనా? పల్లం కాలనీకి. ఒక్క పల్లం కాలనీకే! మీ లెక్కలో శత్రువు వాళ్ళేనా?"

ఇస్త్రీమడత కిటికీ వైపు ఒకసారి, మాస్టారి వైపు ఒకసారి చూశాడు. తర్వాత మాట్లాడినప్పుడు గొంతులో ఇందాకటి నునుపు లేదు.

"నలభై ఏళ్ళ కిందట, ఇక్కడికి ఎగువన, ఇలాంటి వంతెన దగ్గరే, నీళ్ళు ఎక్కడ లోతు తక్కువో ఎవడో చెప్పేశాడు. వాళ్ళు రాత్రికి రాత్రి అక్కణ్ణుంచే నడిచి దాటారు. కాపలా ఉన్న నలభై రెండు మంది సైనికుల్లో ఒక్కడు మిగిలాడు. ఆ ఒక్కడూ మా నాన్న. ఆయన చెవిలో ఆ అరుపులు చచ్చేదాకా పోలేదు. ఈ రూల్ నాకు కాగితం మీది రూల్ కాదమ్మా."

అతను అబద్ధం చెప్పడం లేదని ఆమెకు అర్థమైంది. ఒక్క క్షణం ఆ ఇంట్లో రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచే తండ్రి, పక్కగదిలో దుప్పటి ముసుగేసుకున్న పిల్లవాడు ఆమె కళ్ళకు కట్టినట్టు కనిపించారు. జాలి వేసింది. జాలి వెనకే కోపం మళ్ళీ వచ్చింది, ఈసారి రెట్టింపు.

"మీ నాన్నగారికి చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ ఆ రోజు వాళ్ళు చచ్చిపోయింది ఎందుకండీ? ముంచుకొస్తోందని వాళ్ళకి ఎవరూ చెప్పకపోబట్టే కదా? మీరు దాన్నుంచి నేర్చుకున్నది ఇదా? ఎవరికీ ఏమీ చెప్పకూడదనా?"

ఈ మాట అతనికి ఎక్కడో తగిలింది. పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు.

ఆమె మాత్రం అతన్ని గెలిచానని సంతోషపడలేదు. ఎందుకంటే అరుస్తున్నంతసేపూ లోపల ఇంకొక మనిషి ఆమె మీదే అరుస్తున్నాడు. వంతెన మొదట్లో గొడుగులు బాగుచేసే తాత ఒకాయన ఉండేవాడు. పద్నాలుగేళ్ళు, రోజూ పొద్దున్నే ఆమె డ్యూటీకి వెళ్తుంటే "ఎంతమ్మా ఇవాళ?" అని అడిగేవాడు. ఆమె చెప్పేది. ఆయన అదేదో తనకే జ్వరం తగ్గినట్టు తలాడించేవాడు. ఉత్తర్వు వచ్చిన రోజు ఆమె "చెప్పకూడదంట తాతా" అంది. ఆయన పళ్ళులేని నోటితో పకపకా నవ్వి, "ఓర్నీ, నదికి కూడా పరదా వేశారా!" అన్నాడు. ఆ తర్వాత రెండేళ్ళూ అడగడం మానలేదు, ఆమె తలూపి వెళ్ళిపోవడమూ మానలేదు. ఆయన ఇల్లు వెనక వరసలో. మంగళవారం చెల్లెలు వెళ్ళి రమ్మంటే, "అంకెలక్క ఉండగా సైరన్ మోగకుండా ఉంటుందా? మోగితే వస్తాలే" అన్నాడట.

ఆమె ఒక్క చెల్లెలికే చేసింది ఫోన్. చేతికందే ఎత్తులో సైరన్ మీట ఉంది. లక్కసీలు ఎంత, పుల్లతో గీకితే పోతుంది. పదహారేళ్ళ ఉద్యోగం, ఉత్తర్వు, సంతకం, భయం. ఆ రోజు ఆమె చెయ్యి ఫోన్ దాకా వెళ్ళింది గానీ మీట దాకా వెళ్ళలేదు. ఆ సంగతి ఏ కాగితం మీదా లేదు. దాన్ని తలుచుకున్నప్పుడల్లా అన్నం సయించడం లేదు.

"నేను ఈ సంతకం పెట్టను," అంది. "నేను చదివింది ఎనిమిది మీటర్ల ముప్పై అయిదు. రిజిస్టర్‌లో నా చేత్తో రాశాను. తెప్పించండి, చూద్దాం."

"తెప్పించేదేముంది, ఇక్కడే ఉంది." ఇస్త్రీమడత సొరుగులోంచి రిజిస్టర్ తీసి, గుర్తుపెట్టిన చోట తెరిచాడు. "చూసుకోండి."

ఆమె వంగి చూసింది. మంగళవారం పేజీ. పన్నెండు గంటలకు ఆరు నలభై. ఒంటిగంటకు ఆరు డెబ్భై. రెండింటికి ఆరు తొంభై అయిదు. మూడింటికి ఏడు ఇరవై. నాలుగింటికి ఏడు నలభై. అయిదింటికి హఠాత్తుగా తొమ్మిది నలభై. కింద ఒక గమనిక: అసలు పేజీ తడిసి చిరిగిపోయినందున సాపు ప్రతి రాయడమైనది.

నాలుగింటి దాకా నది బుద్ధిగా గీత కింద ఉందట. అయిదింటికి ఒక్కసారిగా రెండు మీటర్లు లేచిందట. అంటే తప్పు ఎవరిదీ కాదు, నదిది. సైరన్ మోగించాల్సిన అవసరమే రాలేదు. అనుమతి ఇవ్వని ఆఫీసు మచ్చలేని ఆఫీసు. ఇక్కడిదాకా అర్థమయ్యేసరికి ఆమెకు ఇంకొకటి కనిపించింది. ఆ చేతిరాత ఆమెకు బాగా తెలుసు. నాలుగు అంకె తలమీద చిన్న కొమ్ము పెట్టే అలవాటు ప్రపంచంలో ఒక్కరికే ఉంది.

"మాస్టారూ!" అంది. "మీరా?"

ఆయన కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాడు.

పదహారేళ్ళ కిందట, మొదటి రోజు, ఇదే కిటికీ దగ్గర ఆమెను నిలబెట్టి, "అమ్మాయ్, కన్ను పలక మీద ఉండాలి, మనసు ఇంకెక్కడున్నా ఫర్లేదు. చూడనిది రాయకు, చూసింది దాచకు" అని చెప్పిన మనిషి. అలాంటి మనిషి చూడని అంకెలు వరసగా కూర్చుని రాశాడు. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుని మళ్ళీ పేజీ వైపు చూసింది, ఇంకా ఏమేం అబద్ధాలు రాశారో చూద్దామని.

అప్పుడు కనిపించింది.

మొదట నమ్మలేకపోయింది. వేలు పెట్టి చూసింది. మూడు గంటలు, ఏడు ఇరవై. నాలుగు గంటలు, ఏడు నలభై. ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు.

"ఏమైందమ్మా?" అన్నాడు ఇస్త్రీమడత అనుమానంగా.

"ఏడు ఇరవై ఎలా చూస్తారండీ? ఎవరు చూస్తారు? చూడ్డానికి అక్కడ పలకేది?" ఆమె కిటికీ దగ్గరికి నడిచి స్తంభం వైపు వేలు చూపించింది. "అదిగో, అర మీటరుకొక పలక. ఆరున్నర నుంచి ఏడు దాకా ఒకటి ఉందా? తర్వాతది చూడండి. ఏడున్నర నుంచి ఎనిమిది. మధ్యలో ఏముంది? ఉత్త సిమెంటు! పదకొండేళ్ళ కిందట వరదలో దుంగ కొట్టుకొచ్చి ఆ పలక ఊడిపోయింది. అప్పట్నుంచి ఏడుకీ ఏడున్నరకీ మధ్య నీళ్ళుంటే ఈ స్టేషన్‌లో ఎవరమూ అంకె రాయం. ఒక గీత పెట్టి, పలక లేదు అని రాస్తాం. పదకొండేళ్ళ రిజిస్టర్లు తిరగేయండి, ఏడు ఇరవై అన్న అంకె ఒక్క చోట చూపిస్తే మీరు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. కొత్త పలక పంపండి మహాప్రభో అని ఏడాదికొక ఉత్తరం రాశాను. పదకొండు ఉత్తరాలు! పదకొండుసార్లూ స్టాకు లేదన్నారు. ఇప్పుడు ఆ లేని పలక మీద మీకు అంకెలు కనపడ్డాయా?"

ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అలా ఆగినప్పుడు మాస్టారి మొహం చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. చేతిలోని వస్తువు జారి నీళ్ళలో పడిపోతుంటే చూడలేక కళ్ళు మూసుకున్నట్టు ఉంది ఆయన వాలకం.

ఆ మొహం చూశాక గానీ ఆమెకు తెలివి రాలేదు. గీత పెట్టే పద్ధతి మొదలుపెట్టిందే మాస్టారు. పలక ఊడిన రోజు స్తంభం ముందు నిలబడి, "ఇక్కడ అంచనా వేసి రాశామంటే రేపు అంతా అంచనాలే రాస్తాం" అన్నది ఆయనే. ఏ అంకె రాసినా నడిచేది. ఏడు అరవై రాయొచ్చు, ఏడున్నర రాయొచ్చు, ఎవరూ కనిపెట్టలేరు. అన్నీ వదిలేసి, ఈ స్టేషన్ మనుషులకు తప్ప ఇంకెవరికీ అబద్ధమని తెలియని చోటు చూసి మరీ రాశాడు, ఒకసారి కాదు రెండుసార్లు. వరద చావుల మీద వేయబోయే విచారణ సంఘం ముందు, నలుగురి మధ్య, స్తంభం చూపించి ఒక్క ప్రశ్న అడిగితే ఈ పేజీ మొత్తం కూలిపోయేది. దాన్ని ఆమె కోసం దాచిపెట్టాడు. ఆమె ఉక్రోషం పట్టలేక, అసలు తెలియకూడని మనిషి ముందు, వేలు పెట్టి మరీ చూపించింది.

ఇస్త్రీమడత అప్పటికే ఫోన్ ఎత్తాడు.

"స్టోరా? కొలత పలకలు ఉన్నాయా? అర మీటరువి. ఎన్ని? పన్నెండా?"

పన్నెండు! అంకెలక్క బల్ల అంచు పట్టుకుంది.

"ఏడు నంబరుది ఒకటి తీయించండి. మనుషుల్ని పంపి వంతెన మూడో స్తంభానికి బిగించండి. ఇప్పుడే. అత్యవసరం, దేశభద్రత పని." ఫోన్ పెట్టేసి ఆమె వైపు తిరిగాడు. "చాలా సహాయం చేశారమ్మా. సంతకం సంగతి ఆలోచించుకోండి. పలక బిగించేదాకా టైముంది."

పదకొండేళ్ళు స్టాకు లేని పలక పాతిక నిమిషాల్లో వచ్చింది. వంతెన రెయిలింగ్ నుంచి తాళ్ళు కట్టి ఒక పనివాణ్ణి ఉయ్యాల బల్ల మీద కిందికి దించారు. వరద తీసి నది అయిదు మీటర్లకు దిగింది కాబట్టి పని సులువే. టంగు టంగుమని సుత్తి దెబ్బలు కిటికీలోంచి వినిపిస్తుంటే ఒక్కొక్క దెబ్బా ఆమె నెత్తిన పడుతోంది. వాళ్ళ దగ్గర తాడుంది, బల్ల ఉంది, మనిషి ఉన్నాడు, పలక ఉంది, అత్యవసరం అన్న మాటా ఉంది. మంగళవారం మూడింటికి ఇవన్నీ ఎక్కడ చచ్చాయి?

ఉన్నట్టుండి సుత్తి చప్పుడు ఆగింది. కాసేపటికి కింద నుంచి చెల్లెలి గొంతు వినిపించింది.

"అక్కా! స్తంభం మీద ఆ తెల్లది ఏంటే?"

ముగ్గురూ కిటికీ దగ్గరికి వచ్చారు.

మంగళవారం నది తొమ్మిది మీటర్ల నలభై దాకా లేచింది. దిగుతూ దిగుతూ స్తంభానికి అంతెత్తునా బురద పూసి పోయింది. కింద నుంచి పైదాకా పలకలన్నీ గోధుమ రంగులో ఎండి పెచ్చులు కట్టి ఉన్నాయి. సరిగ్గా వాటి మధ్యలో, పింగాణీ పూత తళతళలాడుతూ, పాలలాగా తెల్లటి పలక ఒక్కటి. వరద చూడని పలక. అరమైలు దూరం నుంచి కూడా కనిపిస్తుంది. వంతెన మీద సైకిళ్ళు ఆగాయి. కాలనీలో బురద ఎత్తిపోస్తున్న వాళ్ళు తట్టలు దించి, నడుములు నిటారు చేసి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు.

ఇస్త్రీమడతకు ముచ్చెమటలు పోశాయి. ఫోన్ లాక్కుని, "దాని మీద బురద పూయమను!" అని అరిచాడు. "అవునయ్యా, బురదే! ఊరంతా ఉంది కదా, తెచ్చి పూయమను!"

బక్కెట్లో బురద దిగింది. ఉయ్యాల బల్ల మీది పనివాడు ఒకసారి పైకి, ఒకసారి జనం వైపు చూసి, తల వంచుకుని, గుప్పెళ్ళతో తీసి కొత్త పలకకు పూయడం మొదలుపెట్టాడు. వంతెన మీద ఎవరో ఒకరు ఫక్కున నవ్వారు. ఆ నవ్వుకి ఇంకెవరూ గొంతు కలపలేదు. జనం ఇంకా ఇంకా చేరుతున్నారు. అందరూ రెయిలింగ్ పట్టుకుని కిందికి చూస్తున్నారు. ముందు వరసలోకి చెల్లెలు వచ్చి నిలబడింది. అంకెలక్కకి ఆ పిల్లని చూస్తే గర్వమూ భయమూ రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"ఇక టైము లేదు," అన్నాడు ఇస్త్రీమడత, పెన్ను ఆమె చేతిలో కుక్కుతూ. "సంతకం పెట్టండి. లేదంటే ఈ క్షణమే మీ చెల్లెల్ని అక్కడే, ఆ వంతెన మీదే పట్టిస్తాను. ఆ జనాన్ని చూపించి ఇంకో కేసు కూడా పెడతాను. మీ ఇష్టం."

అతను ఫోన్ మీద చెయ్యి వేశాడు. అంకెలక్క పెన్ను వైపు చూసింది. ఒక సంతకం పెడితే చెల్లెలు ఇంటికి వెళ్తుంది, ఆ బురద మిషన్ కడుక్కుంటుంది, నూనె వేసుకుంటుంది, మళ్ళీ కుట్టుకుంటుంది. గొడుగుల తాత ఎలాగూ తిరిగి రాడు. ఆమె చెయ్యి కాగితం మీదికి వెళ్ళింది.

"సంతకం పెట్టకమ్మాయ్," అన్నాడు మాస్టారు.

ఆ పూటకి ఆయన నోరు తెరవడం అదే మొదలు. నెమ్మదిగా గోడ దగ్గరికి నడిచి, సైరన్ మీట కింద నిలబడ్డాడు. మంగళవారం రెండు గంటలు ఫోన్ పట్టుకుని కూర్చున్న చోటు అదే.

"ఆ పేజీ రాసింది నేను," అన్నాడు ఇస్త్రీమడతతో. "మీరు కూర్చుని చెబుతుంటే రాశాను. విచారణలో అలాగే చెబుతాను."

"చెప్పండి, మీ మాట ఎవరు నమ్ముతారు?" అతను తాపీగానే అన్నాడు గానీ ఫోన్ మీది చెయ్యి మాత్రం కదల్లేదు. "సాక్ష్యం ఏది? అసలు పేజీ ఇక లేదు. కాల్చేశానని మీరే కదా నాతో అన్నారు?"

"అన్నాను," అన్నాడు మాస్టారు. "కాల్చానని అన్నాను, అంతే."